మంచు పాతరలో మన విత్తనం

(ఖరీఫ్‌కు ముందు జరిగిన విత్తన సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రోహిణి ఎండలు ముగిసి మృగశిర వచ్చే వేళ ఇది. మనలో చాలామంది ఇప్పటికే విత్తనాల దుకాణాల చుట్టూ తిరుగుతున్నాం. ఏ ప్యాకెట్టు మొలుస్తుంది, ఏది నకిలీ, అప్పు ఎవరిస్తారు, వడ్డీ ఎంత అన్నదే ఏ రచ్చబండ దగ్గరైనా మాట. ఇలాంటి సమయంలో ఈ సదస్సులో ఉత్తర ధ్రువం గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. "మన బోర్లలో నీళ్లు లేక మనం ఏడుస్తుంటే, ఎక్కడో ధ్రువంలో మంచు కరిగితే మనకేంటి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్నకే ఈ రోజు జవాబు చెప్పుకుందాం.

ముందుగా మనకు తెలిసిన సంగతితో మొదలుపెడదాం. మన తాతల కాలంలో ఊళ్లలో పాతరలు ఉండేవి. మెట్టగా ఉన్న గట్టి నేల చూసి, గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మట్టితో కప్పేవాళ్లు. కరువు వచ్చినప్పుడు పాతర తీసేవాళ్లు. తినే గింజలకు పాతర, విత్తనాలకు కుండలు. విత్తనాన్ని బూడిద కలిపి, వేపాకు వేసి, మూతిని పేడతో అలికి అటక మీద పెట్టేవాళ్లు. మంచి కంకులను దూలానికి వేలాడదీసేవాళ్లు. ఆకలేసినా విత్తనం గింజ మాత్రం ముట్టుకోకూడదని పిల్లలకు చెప్పేవాళ్లు.

ప్రపంచ దేశాల విత్తనాల కోసం అలాంటి పాతర ఒకటి తవ్వారు. అది ఉన్నది ఉత్తర ధ్రువానికి సుమారు 1,300 కిలోమీటర్ల దూరంలో, నార్వేకు చెందిన స్వాల్బార్డ్ అనే దీవుల్లో. ఆ పాతరలో మన విత్తనం కూడా ఉంది. అందుకే అక్కడి మంచు గురించి మనం మాట్లాడాలి.

ఎకరం సాగు లేని చోట ప్రపంచ విత్తనం

స్వాల్బార్డ్ ఎలాంటి చోటో చూద్దాం. మన హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంటే, అక్కడి ముఖ్య పట్టణం లాంగియర్‌బ్యెన్ 78 డిగ్రీల దగ్గర ఉంది. జనాభా సుమారు రెండున్నర వేలు, అంటే మనవైపు ఒక మాదిరి పంచాయతీ అంత. నవంబరు మధ్యలో మొదలైన చీకటి జనవరి చివరిదాకా వీడదు. వేసవిలో నాలుగు నెలలు పొద్దు గుంకదు. దీవుల్లో సగానికి పైగా హిమానీనదాలే. మిగిలిన నేల కూడా లోపల ఏళ్ల తరబడి కరగకుండా రాయిలా గడ్డకట్టి ఉంటుంది. నిలువెత్తు చెట్టు ఒక్కటి లేదు. ఎకరం సాగు లేదు.

పంటే పండని ఆ నేలలో, 2008 ఫిబ్రవరి 26న, ప్రపంచ పంటల విత్తన భాండాగారాన్ని తెరిచారు. కొండలోకి వంద మీటర్లకు పైగా సొరంగం తవ్వి, చివర మూడు గదులు కట్టారు. 45 లక్షల విత్తన నమూనాలు పట్టేంత చోటు ఉంది. ఇప్పటికి 13 లక్షలకు పైగా నమూనాలు చేరాయి. ఒక్కో నమూనాలో సుమారు 500 గింజలు ఉంటాయి. యంత్రాలతో గదులను మైనస్ 18 డిగ్రీల చలిలో ఉంచుతారు. కరెంటు పోయినా, యంత్రాలు ఆగినా, కొండ తన సహజమైన చలితో విత్తనాన్ని కాపాడుతుందని అక్కడ కట్టారు. ఆ కొండ లోపలి చలి మైనస్ 3, 4 డిగ్రీలు. ఆ చలినే నమ్ముకుని మానవజాతి తన విత్తనాన్ని అక్కడ దాచింది.

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉందని మనందరికీ తెలుసు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, చిరుధాన్యాల రకాలు లక్షకు పైగా అక్కడి విత్తన భాండాగారంలో ఉన్నాయి. వాటిని కనిపెట్టింది ఏ ప్రయోగశాలా కాదు. మన దేశం, ఆఫ్రికా, ఇంకా ఎన్నో దేశాల రైతులు, ముఖ్యంగా ఆడవాళ్లు, తరతరాలుగా కంకి చూసి ఏరి, దాచి, విత్తి నిలబెట్టిన రకాలవి. వాటి నకళ్లను ఇక్రిశాట్ స్వాల్బార్డ్‌కు పంపుతూ వస్తోంది. మన ముత్తవ్వ కొంగున కట్టుకుని పుట్టింటి నుంచి తెచ్చుకున్న జొన్న గింజ సంతతి, ఈ రోజు ధ్రువం పక్కన ఒక అల్యూమినియం సంచిలో ఉండి ఉండవచ్చు.

ఆ చలికి ఏమవుతోంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. భూమి మొత్తం వేడెక్కుతోంది, అది మన ఒంటికే తెలుస్తోంది. కానీ ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుంచి చూస్తే ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కుతోంది. అందులోనూ స్వాల్బార్డ్ ముందు వరుసలో ఉంది.

ఎందుకలా? తెల్లని మంచు ఎండను వెనక్కి కొడుతుంది. మంచు కరిగితే కింద నల్లని సముద్రం, నల్లని నేల బయటపడతాయి. అవి ఎండను పీల్చుకుంటాయి. పీల్చుకున్న వేడి ఇంకొంత మంచును కరిగిస్తుంది. అసలు కట్టలేక వడ్డీ, వడ్డీ కట్టలేక చక్రవడ్డీ అయినట్టు, ఒకసారి మొదలైతే తనను తానే పెంచుకునే నష్టం ఇది.

2020 జూలైలో లాంగియర్‌బ్యెన్‌లో 21.7 డిగ్రీల ఎండ కాసింది. మనకు అది మాఘమాసపు చలి. వాళ్లకు అంతకు ముందెన్నడూ నమోదు కాని వేడి. 2024 వేసవిలో ఇంకా ఘోరం జరిగింది. ఆరు వారాలు సాగిన వేడికి స్వాల్బార్డ్ తన మొత్తం మంచులో దాదాపు ఒక శాతాన్ని ఆ ఒక్క వేసవిలోనే పోగొట్టుకుంది. ఆ మరుసటి 2025 ఫిబ్రవరిలో, నడి శీతాకాలంలో, మంచు కురవాల్సిన రోజుల్లో వాన కురిసింది. గడ్డకట్టి ఉండాల్సిన నేల మీద నీటి గుంటలు నిలిచాయి. పరిశోధన కోసం వెళ్లిన శాస్త్రవేత్తలు నీళ్లలో అడుగులు వేయాల్సి వచ్చింది.

వాన పడితే మంచిదే కదా అనుకుంటాం మనం. అక్కడ కాదు. అక్కడి రెయిన్‌డీర్ దుప్పులు చలికాలంలో గిట్టలతో మంచును తవ్వి కిందున్న నాచు, గడ్డి తిని బతుకుతాయి. మంచు మీద వాన పడి తిరిగి గడ్డకడితే నేల మీద గాజు పలకలా మందపాటి పొర ఏర్పడుతుంది. ఎంత తవ్వినా మేత అందదు. 2019లో నార్వే ధ్రువ పరిశోధనా సంస్థ లెక్కకు వెళ్లినప్పుడు ఆకలితో చచ్చిన 200కు పైగా దుప్పుల కళేబరాలు కనిపించాయి. అంతకుముందు డిసెంబరులో కురిసిన భారీ వానే దానికి కారణమని వాళ్లు చెప్పారు. మేత కళ్లెదుటే ఉన్నా నోటికి అందక మందలు చావడమంటే ఏమిటో మన గొర్రెల కాపరులకు వేరే చెప్పక్కర్లేదు.

మనుషులకూ ముప్పు తప్పలేదు. 2015 డిసెంబరు 19న కొండ మీది మంచు ఒక్కసారిగా జారి లాంగియర్‌బ్యెన్ ఇళ్ల మీద పడింది. పదకొండు ఇళ్లు కొట్టుకుపోయాయి. ఇద్దరు చనిపోయారు, అందులో ఒకరు రెండేళ్ల పాప. ఆ తర్వాత ప్రమాదం ఉన్న చోటు నుంచి వందకు పైగా ఇళ్లను తీసేయాల్సి వచ్చింది. గడ్డకట్టిన నేలను నమ్మి కట్టిన పునాదులు ఇప్పుడు కుంగుతున్నాయి.

ఇక పాతర సంగతి. 2016 అక్టోబరులో ఎన్నడూ లేని వేడి, వానలు కలిసి విత్తన సొరంగం ముఖద్వారంలోకి నీళ్లు వచ్చాయి. కొన్ని మీటర్లు లోపలికి వెళ్లి అక్కడే గడ్డకట్టాయి. విత్తనం గదుల దాకా చేరలేదు. ఒక్క గింజా పాడవలేదు, ఆ మాట నిజం. కానీ నీళ్లు రావని నమ్మి కట్టిన చోటికి ఎనిమిదేళ్లకే నీళ్లు వచ్చాయి. నార్వే ప్రభుత్వం 10 కోట్ల క్రోనర్లు కేటాయించి, సొరంగానికి నీరు చొరని కొత్త కాంక్రీటు దారి కట్టింది. వేడి పుట్టించే యంత్రాలను బయటకు తరలించింది. శాశ్వతం అనుకున్న పాతరకు కూడా మరమ్మతులు మొదలయ్యాయి.

ఎవరు కరిగించారు?

మిత్రులారా, ఇది దేవుడు చేసిన పని కాదు. స్వాల్బార్డ్ కథ చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది.

లాంగియర్‌బ్యెన్ పట్టణం పుట్టిందే బొగ్గు కోసం. 1906లో లాంగియర్ అనే అమెరికన్ వ్యాపారి అక్కడ గని తెరిచాడు. ఆయన పేరే ఊరికి పెట్టారు. అప్పటినుంచి వందేళ్లకు పైగా ఆ కొండల్లో బొగ్గు తవ్వారు. గని కార్మికులు దానికి ప్రాణాలతో మూల్యం చెల్లించారు. 1962 నవంబరు 5న నీ-ఆలెసుండ్ గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. ఆ ప్రమాదం మీద రేగిన వివాదంలో మరుసటి ఏడాది నార్వే ప్రభుత్వమే పడిపోయింది. ఆ గని మూతపడింది. మన దేశపు ఆర్కిటిక్ పరిశోధనా కేంద్రం 'హిమాద్రి' 2008 నుంచి ఆ నీ-ఆలెసుండ్‌లోనే పనిచేస్తోంది.

ఇంకో విచిత్రం చూడండి. ఈ విత్తన భాండాగారం కట్టక ముందు, 1984 నుంచి, ఉత్తర ఐరోపా దేశాలు తమ విత్తనాలను దాచుకున్నది అక్కడి ఒక పాత బొగ్గు గనిలోనే. కొత్త భాండాగారానికి కూడా 2023 దాకా కరెంటు వచ్చింది ఊళ్లోని బొగ్గు విద్యుత్ కేంద్రం నుంచే. విత్తనాన్ని చల్లగా ఉంచే కరెంటు కోసం, విత్తనాన్ని కాపాడే మంచును కరిగించే బొగ్గునే కాల్చారు! 2023లో ఆ కేంద్రాన్ని మూసి డీజిల్‌కు మారారు. 2025 జూన్ చివర్లో అక్కడి ఆఖరి నార్వే గని కూడా మూతపడింది. బొగ్గు ఆగింది, మంచిదే. కానీ అదే ఏడాది మార్చిలో, దక్షిణాన బేరెంట్స్ సముద్రంలో, యోహాన్ కాస్ట్‌బర్గ్ అనే కొత్త చమురు క్షేత్రం ఉత్పత్తి మొదలుపెట్టింది. అది కూడా నార్వేదే. ఒక చేత్తో ప్రపంచ విత్తనాన్ని కాపాడుతూ, ఇంకో చేత్తో దాన్ని ముంచే చమురు తోడుతోంది. అక్కడి ప్రజలు మంచివాళ్లే. లాభం చుట్టూ తిరిగే వ్యవస్థ అలా నడుస్తోంది.

మంచు కరుగుతుంటే దాన్ని ఆపాలని కొందరు ఆలోచిస్తుంటే, కరిగిన దారిలో ఏం తవ్వుకోవచ్చా అని ఇంకొందరు చూస్తున్నారు. 2024 జనవరిలో నార్వే పార్లమెంటు, స్వాల్బార్డ్‌కు, యాన్ మాయెన్ దీవికి మధ్య ఉన్న సముద్రపు అడుగున ఖనిజాల తవ్వకానికి తలుపు తెరిచింది. ఆ ప్రాంతం 2.8 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణకు రెండింతలకు పైనే. శాస్త్రవేత్తలు, మత్స్యకారులు, పర్యావరణ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఆ ఏడాది డిసెంబరులో బడ్జెట్‌కు మద్దతు కావాలంటే మొదటి విడత లైసెన్సులు ఆపాల్సిందేనని అక్కడి సోషలిస్టు వామపక్ష పార్టీ పట్టుబట్టింది. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పోరాడితే ఆగుతుందని ఇది చెబుతోంది. ఓడలు మరింత లోపలికి వస్తున్నాయి కనుక స్వాల్బార్డ్ జలాల్లో మడ్డి చమురు వాడకాన్ని 2022 నుంచి నిషేధించారు. 2025 నుంచి రక్షిత ప్రాంతాల్లోకి వచ్చే ఓడల్లో 200 మందికి మించి పర్యాటకులు ఉండకూడదని నిబంధన పెట్టారు. ఇవన్నీ అవసరమే. కానీ వేడిని పుట్టించే పొగ మాత్రం సరిహద్దుల దగ్గర ఆగదు.

మన చేలలో కొట్టిన మందు

ఇక్కడ మనం మన గురించి కూడా ఒక నిజం చెప్పుకోవాలి. ధ్రువానికి చేరినది పొగ ఒక్కటే కాదు, పురుగుమందు కూడా చేరింది.

డీడీటీ, లిండేన్, ఎండోసల్ఫాన్ లాంటి మందులు త్వరగా విరిగిపోవు. వేడి దేశాల్లో చల్లితే కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది. గాలి చలి ప్రాంతానికి వెళ్లినప్పుడు ఆ ఆవిరి తిరిగి కిందికి దిగుతుంది. మళ్లీ వేడెక్కితే లేస్తుంది, ఇంకొంచెం ఉత్తరాన దిగుతుంది. మిడతలా ఎగురుతూ వాలుతూ పోతుంది. చివరికి లేవలేని చలిలో, అంటే ధ్రువంలో, ఆగిపోతుంది. అక్కడ నీటిలోని నాచు దాన్ని పీల్చుకుంటుంది. నాచును తిన్న చిన్న జీవుల్లో, వాటిని తిన్న చేపల్లో, చేపల్ని తిన్న సీల్ జంతువుల కొవ్వులో, సీల్‌ను తిన్న ధ్రువపు ఎలుగుబంటిలో ఆ విషం మెట్టు మెట్టుకూ చిక్కబడుతుంది. ఎన్నడూ పొలం చూడని జంతువు ఒంట్లో పొలం మందు తేలింది. 1980ల్లో కెనడా ఉత్తర ప్రాంతంలో ఇన్యూట్ తల్లుల చనుబాలను పరీక్షిస్తే, నగరాల్లోని తల్లుల కంటే ఎక్కువగా ఇలాంటి పారిశ్రామిక విష రసాయనాలు కనిపించాయి. వాళ్లు ఏ ఫ్యాక్టరీ పెట్టలేదు, ఏ మందూ కొట్టలేదు.

ఎండోసల్ఫాన్ డబ్బా ఒకప్పుడు మన పత్తి రైతులకు ఎంత పరిచయమో చెప్పక్కర్లేదు. కేరళలోని కాసర్‌గోడ్‌లో జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో దాన్ని చల్లితే పుట్టిన బిడ్డల బతుకులు ఏమయ్యాయో దేశమంతా చూసింది. 2011 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద ప్రపంచ దేశాలు దాన్ని నిషేధించాలని నిర్ణయించాయి. మే నెలలో మన సుప్రీంకోర్టు కూడా ఆపింది. ఆ మందు వాడిన చోటు నుంచి ఎంతో దూరంలోని ఆర్కిటిక్‌లో కనిపించడం ఆ నిర్ణయానికి ఒక ముఖ్యమైన ఆధారం.

దీనికి రైతును దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. కొట్టమన్నది ఎవరు? అమ్మి లాభపడ్డది ఎవరు? పిచికారీ చేస్తూ ముందుగా పడిపోయింది ఎవరు? కాసర్‌గోడ్ బిడ్డకూ, ఇన్యూట్ తల్లికీ, మన పత్తి రైతుకూ ఎదురుగా నిలబడ్డది ఒకే వ్యాపారం. ఆ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి.

అక్కడి మంచు, ఇక్కడి వాన

మన వానకూ ఆ మంచుకూ సంబంధం ఉందా? ఉండవచ్చని మన శాస్త్రవేత్తలే అంటున్నారు. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధనా కేంద్రం 2014లో స్వాల్బార్డ్ పక్కన సముద్రంలోకి 'ఇండార్క్' అనే కొలత పరికరాల వ్యవస్థను దించింది. ఆ నీళ్లు ఎలా మారుతున్నాయో, మన రుతుపవనాల మీద దాని ప్రభావం ఏమిటో తెలుసుకోవడమే ఉద్దేశం. ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో వేసవి మంచు బాగా తగ్గడానికీ, మన మధ్య భారతంలో సెప్టెంబరులో కుండపోత వానలు పడటానికీ సంబంధం ఉండవచ్చని ఆ కేంద్రపు శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించారు. ఇంకా పరిశోధన జరగాలి. ప్రతి తుపానుకూ ధ్రువాన్నే కారణంగా చూపడం సరికాదు. కానీ సెప్టెంబరు వాన అంటే మనకేమిటో ఆలోచించండి. పెసర, మినుము కళ్లంలో ఉంటుంది, సోయా కోతకొస్తుంది, పత్తి మొదటి తీతకు పగులుతుంది. పైరు ఎదగాల్సినప్పుడు రాని వాన, ఇంటికి తెచ్చుకునేటప్పుడు వచ్చి ముంచితే ఆ ఏడాది అప్పు తీరదు.

పాతర ఒక్కటే చాలదు

ఇప్పుడు విత్తనం దగ్గరికి తిరిగి వద్దాం. స్వాల్బార్డ్ పాతర వల్ల ఉపయోగం లేదా? ఉంది. సిరియాలోని అలెప్పో నగరం దగ్గర ఇకార్డా అనే అంతర్జాతీయ సంస్థ ఉండేది. గోధుమ, బార్లీ, శనగ, చిరుశనగ లాంటి మెట్ట పంటల విత్తనాలను అది భద్రపరిచేది. అంతర్యుద్ధంలో ఆ చోటు చేజారింది. కానీ ఆ విత్తనాల నకళ్లు అప్పటికే స్వాల్బార్డ్‌లో ఉన్నాయి. 2015లో దాదాపు 38 వేల నమూనాలను వెనక్కి తెచ్చుకుని లెబనాన్, మొరాకోల్లో పొలాల్లో వేశారు. పండిన గింజల్లోంచి మళ్లీ నకళ్లు తీసి 2017లో ధ్రువానికి పంపారు. ఆ పాతరలోంచి విత్తనం బయటకు తీయడం అదే మొదటిసారి.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, దాచుకున్నవాడు బతికాడు. రెండోది అంతకంటే ముఖ్యమైనది. దాచిన విత్తనం తిరిగి పొలంలో పడితేనే నిలిచింది. ఎంత చలిలో పెట్టినా గింజకు ఆయుష్షు ఉంటుంది. మొలక శాతం తగ్గినప్పుడు పంపినవాళ్లే మళ్లీ పండించి కొత్త గింజ పంపాలి. అంటే ధ్రువంలోని పాతర కూడా చివరికి పొలం మీద, పొలం పట్టే చేతుల మీద ఆధారపడి ఉంది.

ఇంకో సంగతి. మంచులో ఉన్న గింజ నిద్రలో ఉంటుంది. 2008లో దాచిన జొన్నకు 2008 నాటి వాన, ఆ నాటి పురుగు మాత్రమే తెలుసు. పొలంలో ఉన్న జొన్న ప్రతి ఏడాదీ కొత్త ఎండను, కొత్త తెగులును ఎదుర్కొంటుంది. తట్టుకున్న కంకినే మనం ఏరుకుంటాం. అలా విత్తనం కాలంతోపాటు మారుతుంది. వాతావరణం ఇంత వేగంగా మారుతున్న రోజుల్లో విత్తనానికి ఈ చదువు చాలా అవసరం. ఆ బడి పొలంలో తప్ప ఇంకెక్కడా లేదు.

పటాన్‌చెరు ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే జహీరాబాద్ ఉంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల దళిత, పేద అక్కచెల్లెళ్లు ఒకే చెలకలో ఎన్నో రకాల పంటలు కలిపి వేస్తున్నారు. విత్తనాన్ని కుండల్లో, గంపల్లో దాచి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2019లో వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఒకే జిల్లాలో రెండు విత్తన భాండాగారాలు! ఒకదానికి కోట్ల రూపాయల యంత్రాలు, ఇంకోదానికి వేపాకు, బూడిద. ఒకటి ఉంటే ఇంకోటి వద్దని మేము అనడం లేదు. రెండూ కావాలి. కానీ ప్రభుత్వాలు మొదటిదాన్నే చూస్తున్నాయి, రెండోదాన్ని గాలికొదిలేశాయి.

మన ఇళ్లలో ఇప్పుడు ఎన్ని విత్తనపు కుండలు ఉన్నాయి? చేతులెత్తమంటే ఈ సభలో ఎన్ని చేతులు లేస్తాయో మనకే తెలుసు. పత్తి విత్తనం మొత్తం కంపెనీ చేతికి పోయింది. మొక్కజొన్న పోయింది. కూరగాయలు పోయాయి. పచ్చజొన్న, కొర్ర, సామ విత్తనం కావాలంటే ఊరూరా వెతుక్కోవాల్సి వస్తోంది. మన విత్తనం ధ్రువంలో భద్రంగా ఉండి, మన అటక మీద లేకపోతే, మనం విత్తనం ఉన్న రైతులమా, లేనివాళ్లమా?

మన డిమాండ్లు, మన పని

మొదటిది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలోని 39వ సెక్షన్ మనకు ఒక హక్కు ఇచ్చింది. బ్రాండు పేరు పెట్టనంతవరకు, పండించిన విత్తనాన్ని దాచుకోవడం, మళ్లీ విత్తడం, ఇచ్చిపుచ్చుకోవడం, అమ్మడం రైతు హక్కు. కొత్త విత్తన చట్టం కోసం కేంద్రం 2025 నవంబరులో ముసాయిదా విడుదల చేసింది. ఏ కొత్త చట్టమైనా ఈ హక్కులో ఒక్క అక్షరాన్నీ తగ్గించకూడదు. నకిలీ విత్తనంతో నష్టపోయిన రైతుకు కోర్టుల చుట్టూ తిప్పకుండా పరిహారం అందాలి.

రెండోది. ప్రతి మండలంలో రైతుల చేతిలో నడిచే సామూహిక విత్తన నిధి కావాలి. భాండాగారాల్లో, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఉన్న మన దేశవాళీ రకాలను తిరిగి ఊళ్లకు తెచ్చి పొలాల్లో పండించే కార్యక్రమానికి ప్రభుత్వం నిధులు ఇవ్వాలి.

మూడోది. అకాల వర్షానికి, కరువుకు పోయిన పంటకు సాయం దయ కాదు, హక్కు. వందేళ్లుగా బొగ్గు, చమురు కాల్చి సంపద కూడబెట్టిన దేశాలు, కంపెనీలు దానికి మూల్యం చెల్లించాలి. ఈ డిమాండులో ధ్రువపు ప్రజలు, మనం ఒకే వైపు ఉన్నాం.

నాలుగోది మన ఇంటి పని. దీనికి జీవో అక్కర్లేదు. ఈ ఖరీఫ్‌లో ప్రతి సభ్యుడు, ప్రతి సభ్యురాలు కనీసం రెండు గుంటల్లో ఏదో ఒక దేశవాళీ రకం వేయాలి. కోత వేళ మంచి కంకులు ఏరి పక్కన పెట్టాలి. వచ్చే ఏడాది ఈ సభకు వచ్చేటప్పుడు ఒక సేరు విత్తనం తెచ్చి, లేని వాళ్లకు ఇవ్వాలి. ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, రకం మన శాఖ కార్యదర్శి పుస్తకంలో రాసుకోవాలి.

1920లో స్వాల్బార్డ్ మీద కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో అప్పటి బ్రిటిష్ ఇండియా కూడా ఉంది. అంటే వందేళ్ల కిందటే మన దేశం పేరు ఆ దీవుల కాగితాల్లో చేరింది. ఇప్పుడు మన జొన్న గింజ కూడా అక్కడ ఉంది. ఆ మంచు నిలవాలని కోరుకునే హక్కు మనకుంది, నిలబెట్టమని అడిగే హక్కూ ఉంది. అంతవరకూ ఇంటికెళ్లి అటక మీదికి ఒకసారి చూడండి. అక్కడ ఖాళీ కుండ ఉంటే, ఈ ఏడాది దాన్ని నింపుదాం.